బెల్జియం వానకి మా రంగూన్ కోట్లు

2024లో వానలు మొదలైన రోజుల్లో మా ఫ్యాక్టరీకి యూరప్ నుంచి ఒక ఆర్డర్ వచ్చింది. కార్ల పందేలు ఆడే ఒక టీముకి రెయిన్ జాకెట్లు కుట్టాలి. రంగూన్ ఊరి చివర, నది దాటాక వచ్చే ఇండస్ట్రియల్ జోన్‌లో మాది ఒక మధ్యరకం బట్టల ఫ్యాక్టరీ. చొక్కాలు, ప్యాంట్లు, స్కూలు పిల్లల కోట్లు కుట్టి పంపడం మాకు అలవాటు. కార్ల పందేలవాళ్లతో మాకు అంతకుముందు ఏ చుట్టరికమూ లేదు.

నేను అక్కడ క్యూసీ సూపర్‌వైజర్ని. కుట్టిన ప్రతిదాన్నీ అనుమానంగా చూడ్డానికి జీతం తీసుకునే మనిషినన్నమాట. నేను సరేనన్న సరుకు గురించి ఎవరూ నన్ను తలుచుకోరు, తిరగ్గొట్టిన సరుకు గురించి మాత్రం అన్నాల దగ్గర కూడా తిట్టుకుంటారు. నాకు కోపం ఎక్కువని లైన్లో పేరు. అబద్ధమేమీ కాదు. మా ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి ఈ ఊరు వచ్చాడు. మేముండేది సంచౌంగ్‌లో. ఆదివారం తెలుగు బాప్టిస్టు చర్చికి వెళ్తాం, మిగతా రోజుల్లో నేను పొద్దున్నే ఫెర్రీ ఎక్కుతాను. ఫెర్రీ అంటే పడవ అనుకునేరు, పనివాళ్లని తీసుకెళ్లే బస్సుని ఈ ఊళ్లో అలాగే అంటారు.

ఆ టీము ఆడేది ఎండ్యూరెన్స్ రేసింగ్. నాకు అర్థమైనంత చెప్తాను. స్పోర్ట్స్ కారు ఒకటే, డ్రైవర్లు ఇద్దరో ముగ్గురో. నాలుగేసి గంటలు అదే ట్రాక్ చుట్టూ తిరుగుతూనే ఉండాలి. మధ్యమధ్య పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన తమ షెడ్డు ముందుకి, వచ్చి పెట్రోలు పోయించుకుని, చక్రాలు మార్పించుకుని, ఒక డ్రైవర్ దిగి ఇంకొకడెక్కి వెళ్లిపోవాలి. స్పెయిన్లో మొదలై, ఫ్రాన్సు, ఇటలీ, బెల్జియం తిరిగి, చలి ముదిరే ముందు పోర్చుగల్లో ముగుస్తుంది సీజన్. వానొస్తే పందెం ఆగదు. కారుకి వానటైర్లు వేస్తారు, బయట నిలబడ్డ మెకానిక్కులకి జాకెట్టే దిక్కు.

సీజన్ మధ్యలో వాళ్ల స్పాన్సర్ మారిపోయాడు. పాత జాకెట్ల మీద పాత పేరుంది. బెల్జియం రేసులోపు కొత్తవి కావాలి. ఆ ట్రాక్ అడవి మధ్యలో, కొండల్లో ఉంటుందట. అక్కడ ఎండని ఎవరూ నమ్మరట. ఇవన్నీ నాకు వీడియో కాల్‌లో చెప్పింది ఆన్కే. ఆ టీము సరుకులన్నీ చూసుకునే ఆవిడ.

"మా వాళ్లు లోపల ఫైర్‌సూట్ వేసుకుంటారు, నిప్పంటుకోని బట్టతో కుట్టిన సూటు. కారు వచ్చే ముందు జాకెట్ విప్పేస్తారు. అప్పటిదాకా వానలో జాకెట్‌తోనే నిలబడాలి" అందావిడ.

"జాకెట్ కొంచెం కారితే ఏమవుతుంది?" అని అడిగాను. ఎంతవరకు పట్టుగా ఉండాలో తెలుసుకోవడానికే.

"లోపలి సూటు తడుస్తుంది. మా దగ్గర వానంటే చలి. గంటసేపు తడిగా నిలబడినవాడికి వేళ్లు మొద్దుబారతాయి. చక్రం నట్టు బిగించేది ఆ వేళ్లతోనే. సరిగ్గా బిగియని చక్రంతో కారు వెళ్లిపోతే, లోపల ఒక మనిషి ఉంటాడు."

ఆ మాటతో నా వీపు నిటారైంది. నేను అప్పటిదాకా దాన్ని పెద్దవాళ్ల ఆటబొమ్మల వ్యవహారం అనుకున్నాను.

మా వైపు కూడా గొడవ చిన్నది కాదు. ఇలాంటి ఆర్డర్లు ఇంకా వస్తాయన్న ఆశతో మా మేనేజర్ ఊ తిన్ రెండు సీమ్ సీలింగ్ మెషీన్లు సెకండ్ హ్యాండ్‌లో తెప్పించాడు. వాటి కోసం ఎనిమిదిమంది ఆడవాళ్లని పనిలోకి తీసుకున్నాడు. జాకెట్లు నిలబడితే సెక్షన్ ఉంటుంది, లేకపోతే మెషీన్లు అమ్మేస్తానని మొదటిరోజే చెప్పేశాడు. ఆ ఎనిమిదిమందిలో చెయ్యి అందరికంటే చురుకైనది మా ఖిన్. ఈ దేశంలో ఆడవాళ్ల పేరు ముందు మా అని, మగవాళ్ల పేరు ముందు కో అని, పెద్దాయనైతే ఊ అని చేరుస్తారు. అంతకుముందు ఆమె పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడింది. ఏడాది పైగా మొహింగా, అంటే చేపల పులుసులో నూడుల్స్, అమ్మే కొట్లో గిన్నెలు కడిగి తల్లినీ కూతుర్నీ పోషించింది. మెషీన్ ముందు కూర్చున్న మొదటిరోజు ఆ బల్లని పైటకొంగుతో తుడిచినంత ప్రేమగా రుమాలుతో తుడవడం నేను చూశాను.

సీమ్ సీలింగ్ అంటే ఏమిటో చెప్పాలి. వాన ఆగే బట్టయినా, కుట్టితే సూది చిల్లులు పడతాయి కదా. ఆ చిల్లుల మీద లోపలివైపు సన్నని టేపు అంటిస్తాం. మెషీన్‌కి ఒక ముక్కు ఉంటుంది. అందులోంచి వచ్చే వేడిగాలికి టేపు కరుగుతుంది, రెండు రోలర్లు దాన్ని బట్టలోకి అదుముతాయి. కాలితో పెడల్ తొక్కుతూ చేతులతో కుట్టుని తిన్నగా నడిపించాలి. వేడి, వేగం, ఒత్తిడి మూడూ కుదరాలి.

ఆ రోజుల్లో కరెంటు వచ్చేదానికంటే పోయేదే ఎక్కువ. పోగానే జనరేటర్ అందుకునేది. ఆ మధ్యలో హాలు చీకటిగా, నిశ్శబ్దంగా ఉండేది. లైట్లు వెలగ్గానే అందరూ ఒక్క గొంతుతో "మీ లా బ్యీ!" అని కేకేసేవాళ్లు. కరెంటొచ్చింది అని అర్థం. ఈ ఊళ్లో మాటలు రాని పిల్లల నుంచి పళ్లు లేని ముసలివాళ్ల దాకా అందరికీ అలవాటైన కేక. జనరేటర్ కరెంటుకి కూడా వేస్తారు, సంతోషానికి తేడా ఏముంది.

జాకెట్లు తయారయ్యాయి. చూడముచ్చటగా ఉన్నాయి, నల్లటి బట్ట, భుజాల మీద ఎర్ర చార. పెట్టెలకి టేపు వేసే ముందు ఫైనల్ ఇన్‌స్పెక్షన్ పెట్టాను. అన్నిటినీ చూడం, కుప్పలోంచి కొన్ని తీసి వాటిని బట్టి మొత్తం మీద తీర్పు చెప్తాం. కుట్టుని ఒక చట్రంలో బిగించి కిందినుంచి నీటిని నెడతాం, పైన చుక్క లేస్తే ఆ కుట్టు చెడినట్టే.

మొదటిది బాగుంది. రెండోదాని ఎడమ భుజం మీద ముత్యమంత చుక్క లేచింది. తర్వాత కొన్ని బాగున్నాయి, ఇంకొకదాని టోపీ దగ్గర మళ్లీ చుక్క. మరొకదాని చంక కింద. ఒక పద్ధతీ లేదు పాడూ లేదు. ఒకే కుట్టులో మూరెడు మేర రాయిలా ఉండి, పక్కన జానెడు మేర కారుతోంది.

మెషీన్లు చూసుకునే కో రాజుని పిలిచాను. వాళ్ల తాతలు శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి రేవులో మూటలు మోశారు, ఇప్పుడు ఇతను లత అనే పేటలో కాపురం. నా కోపానికి భయపడని మనిషి ఫ్యాక్టరీలో ఇతనొక్కడే.

"మెషీన్‌కి ఏటీ నేదక్కా. వేడి సూసాను, రోలర్లు సూసాను. అన్నీ సక్కగున్నాయి" అన్నాడు.

"సక్కగుంటే నీళ్లెలా కారతన్నాయి మరి? నా కళ్లే కారతన్నాయేటి?"

"నువ్వు అలా అరిస్తే టేపుకీ భయమే, మెషీన్‌కీ భయమే. సూసినప్పుడల్లా బుద్దిగా పని సేత్తాది. మనం అటు తిరిగాక ఏటవుతందో!"

ఊ తిన్‌కి అంత ఓపిక లేదు. చెడ్డవన్నీ ఏ మెషీన్ మీదివో చూడమన్నాడు. రెండింటివీ ఉన్నాయి గానీ, మా ఖిన్ మెషీన్‌వి ఎక్కువ. "చురుకుదనం పేరుతో నిర్లక్ష్యం. రేపటినుంచి ఆమెని రావద్దను" అన్నాడు.

"రెండ్రోజులు ఆగండి సయా. తప్పు ఎక్కడుందో తెలియకుండా మనిషిని పంపేస్తే, తప్పు ఇక్కడే ఉండిపోతుంది, మనిషే పోతుంది" అన్నాను. సయా అంటే అయ్యగారు. ఆ మాట కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, ఆయన సోమవారం దాకా గడువిచ్చాడు. విమానంలో సరుకు బుక్కయింది బుధవారానికి.

శనివారం పొద్దంతా మిగిలిన బట్ట ముక్కల మీద టేపు అంటించమని, నేను స్టూలేసుకుని మా ఖిన్ వెనకాలే కూర్చున్నాను. ఆ పూట కరెంటు ఒక్కసారి కూడా పోలేదు. ఆమె చేతులు అలా సాగిపోతూనే ఉన్నాయి, నేను ఒక్క వంక పెట్టలేకపోయాను. అన్నం వేళకి ఆమె తిరిగి చూసి బర్మీస్‌లో మెల్లగా అడిగింది, "మమా, నన్ను తీసేస్తున్నారా?" మమ అంటే అక్క.

"ముందు అన్నం తిను" అన్నాను.

ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి సంచౌంగ్ వీధంతా చీకటి. చర్చికి కట్టుకునే నూలు చీర ఇస్త్రీ చేసుకోవాలి. ఇస్త్రీపెట్టె ప్లగ్గులో పెట్టి, చీర పరుచుకుని, కరెంటు కోసం చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి బల్బు వెలిగింది. వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా "మీ లా బ్యీ!" అని మోగింది. నేనూ అరిచాను, అరుస్తూనే ఇస్త్రీపెట్టె పట్టుకుని చీర మీద సర్రుమని తోశాను. మళ్లీ పోతుందేమోనన్న ఆత్రం అందరికీ ఉన్నదే. ఎదురింటావిడ మోటారు వేసింది, పక్కింటాయన రైస్ కుక్కర్ నొక్కాడు.

చీర మీద ముడతలు ముడతల్లాగే ఉన్నాయి. పెట్టె చల్లగా ఉంది.

నేను అలాగే నిలబడిపోయాను. ప్రభువా, ఇదే కదా అనుకున్నాను. కేక వేసేది నోరే కానీ, ఆ కేకతో పాటే చెయ్యీ కాలూ లేస్తాయి. లైటు వెలిగితే అన్నీ వెలిగాయనుకుంటాం. మెషీన్ ముక్కు ఇంకా చల్లగా ఉండగానే మా ఖిన్ కాలు పెడల్ మీద అందరికంటే ముందు పడుతుంది కాబట్టి ఆమె జాకెట్లే ఎక్కువ చెడ్డాయి. చీర సంగతి మర్చిపోయి కో రాజుకి ఫోన్ చేశాను.

"ఒరే రాజూ, కరెంటు పోయొచ్చాక ఆ మెషీన్ ముక్కు వేడెక్కడానికి ఎంతసేపు పడతాదిరా?"

"తెర మీద అంకె ఎంటనే ఒచ్చేత్తాదక్కా."

"అంకె కాదురా, గాలి!"

"ఓలమ్మో" అన్నాడు. ఆ పాత మెషీన్ తెర మీద కనపడేది మనం అడిగిన వేడి. ముక్కులోంచి వచ్చే వేడి వేరు. అది సెకండ్ హ్యాండ్ సరుకు, దాని మనసులో మాట దానిదే.

మర్నాడు చర్చిలో పాస్టరుగారు ఏం చెప్పారో నన్నడగొద్దు. సోమవారం పొద్దున్న ఊ తిన్‌ని నిలబెట్టి, ఎవరికీ ముందు చెప్పకుండా కో రాజు చేత మెయిన్ ఆపించాను. చీకటి, నిశ్శబ్దం, జనరేటర్, లైట్లు. "మీ లా బ్యీ!" అని హాలు మోగింది. ఆ నోళ్లు మూతపడక ముందే రెండు మెషీన్లూ నడుస్తున్నాయి. అప్పుడు అంటించిన కుట్టుని తీసుకెళ్లి నీళ్ల చట్రంలో బిగించాను. ముత్యమంత చుక్క లేచింది. దాని పక్కన ఇంకొకటి.

తప్పు దొరికినందుకు అంత సంతోషించడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి.

ఎక్కడ వెతకాలో తెలిశాక కళ్లకి కూడా దారి తెలిసింది. బాగా కరిగిన టేపు అద్దంలా అయిపోయి బట్టలో కలిసిపోతుంది. చల్లగాలికి అంటుకున్న చోట పల్చని పాలరంగు మసక మిగులుతుంది. జనరేటర్ మీద ఉన్నప్పుడు సగం ట్యూబ్‌లైట్లు ఆపేస్తాం, నల్ల బట్ట మీద ఆ మసక ఎవరికి కనపడుతుంది. పెట్టెలన్నీ విప్పించి, ఎనిమిదిమందినీ కిటికీల దగ్గర కూర్చోబెట్టి, ప్రతి జాకెట్నీ తిరగేసి వెలుతురుకి పట్టమన్నాను. మసక ఉన్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క. మసక ఉన్నచోట మళ్లీ వేడిగాలి పట్టి అదిమితే టేపు కరిగి కూర్చుంటుంది, జాకెట్ బతుకుతుంది.

ఊ తిన్ వెంటనే గోడ మీద కాగితం అంటించాడు, ఫ్యాక్టరీలో ఎవరూ కేకలు వేయరాదని. నేను దాన్ని పీకేశాను.

"కేకేం చేసింది సయా? ఈ ఊళ్లో మనిషికి అదొక్కటే ఉచితంగా దొరికే సంతోషం. వేసుకోనివ్వండి. చేతులు మాత్రం పైకెత్తమనండి."

వేడెక్కేదాకా ఆగమంటే ఎంతసేపని ఆగుతారు, ఒక్కొక్కరి ఓపిక ఒక్కో రకం. అందుకని ఒక పాట పెట్టాను. కరెంటు రాగానే కేక వెయ్యాలి, చేతులెత్తాలి, అందరూ కలిసి ఒక పాట మొదటినుంచి చివరిదాకా పాడాలి. ఆ తర్వాత ముందు ఒక పనికిరాని ముక్క మీద టేపు అంటించి, గోరుతో గీరి చూసి, అప్పుడే జాకెట్ ముట్టుకోవాలి. పాట ఏదో మీరే చెప్పండంటే మా ఖిన్ ఒక పాత బర్మీస్ ప్రేమపాట చెప్పింది. కో రాజు థర్మామీటర్ పట్టుకుని ముక్కు దగ్గర కూర్చున్నాడు. పాట అయ్యేసరికి వేడి సరిపోయింది, కాస్త మిగిలింది కూడా. అదే సాయంత్రం పని మధ్యలో కరెంటు పోయింది. లైట్లు రాగానే కేక లేచింది, దాని వెంటే ఎనిమిది జతల చేతులు గాల్లోకి లేచాయి. మా ఖిన్ కాలు పెడల్ మీదికి వెళ్లబోయి, వేడి పెనం మీద పడ్డట్టు వెనక్కొచ్చింది. అందరూ నవ్వి పాట అందుకున్నారు.

మంగళవారం మధ్యాహ్నానికి బాగుచేసిన చోట్లన్నీ నీళ్ల పరీక్షలో నెగ్గాయి. ఆఖరుగా ఒక జాకెట్ కో రాజుకి తొడిగి, లోపల బూడిదరంగు చొక్కా వేసుకోమని, బయట జోరువానలో నిలబెట్టాం. గంటసేపయ్యాక లోపలికొచ్చి జాకెట్ విప్పాడు. చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది.

"వాన కాదక్కా, సెమట! ఈ వానాకాలపు ఉక్కలో మనిసిని సంచీలో పెట్టి కుట్టేసి తడిసిపోయావేటని అడిగితే ఏటి సెప్పేది?"

అది నిజంగా చెమటేనా అని నేను వాసన చూశాను. చెమటే, సందేహం లేదు. కానీ దానితో మా ఊరి వాన పరీక్ష ఎందుకూ పనికిరాకుండా పోయింది. బుధవారం పెట్టెలు విమానమెక్కాయి. ఆన్కేకి జరిగిందంతా చెప్పాను, ఇస్త్రీపెట్టె సంగతితో సహా. ఆవిడ నవ్వి, "సరే, మిగతాది మా వాన చెప్తుంది" అంది. నాకు నవ్వు రాలేదు.

బెల్జియం రేసు ఆదివారం. వాళ్ల మధ్యాహ్నం మాకు సాయంత్రం. కో రాజు, మా ఖిన్ మా ఇంటికొచ్చారు. కరెంటు లేదు, కిటికీ దగ్గర ముగ్గురం ఒక్క ఫోన్ మీద తలలు పెట్టి చూశాం. మొదట ఎండ. నేను జీవితంలో మొదటిసారి వాన రావాలనీ రాకూడదనీ ఒకేసారి ప్రార్థన చేశాను. సగం పందెం అయ్యాక కొండల మీంచి మబ్బు దిగింది. కార్ల వెనక నీళ్లు పొగలా లేచాయి. కెమెరా పిట్ మీదికి తిరిగింది. అక్కడ నల్ల జాకెట్లు, భుజాల మీద ఎర్ర చారలు. టోపీల అంచుల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"అవే, మనవే!" అని మా ఖిన్ నా చెయ్యి పట్టుకుంది.

మబ్బు చూసి ముందే వానటైర్లు వేయించుకుని వెళ్లిన వాళ్ల కారు వెంటనే రాలేదు. ముప్పావు గంట పాటు కెమెరా ట్రాకంతా తిరిగి, మధ్యమధ్య ఆ నల్ల జాకెట్లని చూపించింది. అప్పుడు వాళ్లలో ఒకడు చెయ్యెత్తాడు, కారు వస్తోందని. అందరూ ఒక్కసారి జిప్పులు లాగి జాకెట్లు విప్పేశారు. లోపల లేత బూడిదరంగు ఫైర్‌సూట్లు. మెడ చుట్టూ మాత్రం కాస్త తడి. భుజాలు పొడిగా ఉన్నాయి. చంకలు పొడిగా ఉన్నాయి. కారు వచ్చి ఆగింది, పెట్రోలు పోశారు, చక్రాలు ఊడాయి, కొత్తవి ఎక్కాయి, ఒక్క చెయ్యి కూడా తడబడలేదు. కారు దూసుకెళ్లిపోయింది.

"పొడిగా ఉంది మమా, పొడిగా ఉంది" అని మా ఖిన్ అదే మాట అంటూ ఏడ్చేసింది. కో రాజు లేచి గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

సరిగ్గా అప్పుడే బల్బు వెలిగింది. వీధంతా "మీ లా బ్యీ!" అంది. మేమూ అరిచాం. అరిచాక చూస్తే, ఇంట్లో ఏ మెషీనూ లేకపోయినా, మా ఖిన్ రెండు చేతులూ పైకెత్తి, కళ్లు తుడుచుకోకుండానే ఆ పాట మొదలుపెట్టింది. కో రాజు అందుకున్నాడు. నేనూ పాడాను, నా గొంతు ఎలా ఉంటుందో తెలిసినా.

ఆ టీము ఆ రోజు ఆరోదిగా వచ్చింది. సీజన్‌లో కప్పూ రాలేదు. చివరి రేసు పోర్చుగల్లో అయ్యాక ఆన్కే వచ్చే సీజన్‌కి కొత్త రంగులతో ఇంకో ఆర్డర్ పంపింది. సెక్షన్ నిలబడింది. మా ఖిన్ ఇప్పుడు ఆ సెక్షన్‌కి పెద్ద.

ఇన్నేళ్లుగా నేను తప్పుల్ని బద్ధకంలో వెతికాను, అలసటలో వెతికాను, మొండితనంలో వెతికాను. మనిషి సంతోషంలో కూడా వెతకాలని ఆ వానాకాలం నేర్పింది. దొరికాక కూడా సంతోషాన్ని తీసెయ్యక్కర్లేదు, ఒక పాట పాడేంతసేపు ఆగితే చాలు. ఇప్పటికీ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మా హాల్లో ఆ పాట వినపడుతుంది. కొత్తగా చేరినవాళ్లు ఎందుకు పాడుతున్నారని అడుగుతారు. మా ఖిన్ చేతులు దించకుండానే, "పాట అవనీ, చెప్తాను" అంటుంది.